బీపీ 146/94, పరగడుపు షుగర్ 113: రోజూ నడిస్తే రెండూ దిగుతాయా?

నీలిసంధ్య | మార్చి 3, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. నా వయసు 46. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. ఆఫీసులో ఏటా చేయించే పరీక్షల్లో ఈసారి బీపీ 146/94 వచ్చింది. వారం తర్వాత మళ్లీ చూస్తే 148/92. పరగడుపు షుగర్ 113, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.1. నాకు తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, నీరసం కూడా లేదు. రిపోర్టు చూసేదాకా బాగానే ఉన్నాననుకున్నాను.

డాక్టరుగారు బీపీకి ఒక మాత్ర రాశారు. "షుగర్ ఇంకా లోపలికి రాలేదు, గుమ్మం దగ్గర ఉంది. రోజూ నడవండి" అన్నారు. ఎంతసేపు నడవాలి, ఎప్పుడు నడవాలి, నడిస్తే మాత్ర మానేయొచ్చా అని అడగాలనుకున్నాను గానీ ఆ క్షణంలో నోరు పెగల్లేదు.

మా అమ్మకు షుగర్ ఉండేది. చివరి నాలుగేళ్లు చూపు లేకుండా గడిపింది. అందుకే ఇంత టెన్షన్. బీపీకీ షుగర్‌కీ ఏమైనా సంబంధం ఉందా, లేక నా ఖర్మకొద్దీ రెండూ ఒకేసారి వచ్చాయా? తెలిసినవాళ్లు చెప్పండి.

---

లెక్కలపిచ్చి | మార్చి 3, రాత్రి 10:15

సంబంధం ఉందండీ. రెండూ ఒకే తాను ముక్కలు.

కండరాలు ఇన్సులిన్ మాట వినడం తగ్గించాయనుకోండి, దాన్ని కప్పిపుచ్చడానికి క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ వల్ల మూత్రపిండాలు ఉప్పును బయటికి పోనివ్వవు. ఒంటిని ఎప్పుడూ అప్రమత్తంగా ఉంచే నరాల వ్యవస్థ కూడా రేగుతుంది. దానితో రక్తనాళాలు బిగుసుకుని బీపీ ఎక్కుతుంది. అటువైపు నుంచి చూసినా అంతే. బిగుసుకున్న సన్నటి నాళాల గుండా కండరానికి రక్తం సరిగా చేరదు, గ్లూకోజు కూడా చేరదు. 1988లో జెరాల్డ్ రీవెన్ అనే అమెరికా వైద్యుడు ఈ రెండింటినీ ఇన్సులిన్ నిరోధం అనే ఒకే మూలానికి ముడిపెట్టి చూపించారు.

బ్రిటన్‌లో 41 లక్షల మంది వయోజనుల వైద్య రికార్డులు చూసి 2015లో ఒక లెక్క తీశారు. పై బీపీ, అంటే మొదటి అంకె, 20 పాయింట్లు ఎక్కువ ఉన్నవాళ్లకు కొత్తగా మధుమేహం వచ్చే ముప్పు 58 శాతం ఎక్కువగా కనిపించింది. ఇది పక్కపక్కన కనిపించిన సంగతి మాత్రమే, ఒకదానివల్లే ఇంకోటి వచ్చిందనడానికి రుజువు కాదు. కానీ 2021లో 19 ప్రయోగాలను కలిపి చూసినప్పుడు, మందులతో పై బీపీ 5 పాయింట్లు దించితే కొత్తగా షుగర్ వచ్చే ముప్పు 11 శాతం తగ్గిందని తేలింది. అంటే మీ బీపీ మాత్ర షుగర్ విషయంలో కూడా పనిచేసే అవకాశం ఉంది. అయితే అన్ని బీపీ మందులూ ఇందులో సమానం కాదు, కొన్ని రకాలు షుగర్‌ను కొంచెం పెంచుతాయి కూడా. మీది ఏ రకమో ఈసారి డాక్టరుగారిని అడగండి. మీ అంతట మీరు మాత్రం మార్చకండి.

---

పాతసైకిల్ | మార్చి 4, ఉదయం 6:20

అమ్మా నీలిసంధ్యా, నడిస్తే మాత్ర మానేయొచ్చా అని అడిగావు. నా సంగతి చెబుతాను విను.

నాకు 63 ఏళ్లు. పదకొండేళ్ల కిందట నాకూ నీలాగే మొదలైంది. రెండు నెలలు శ్రద్ధగా నడిచాను. బీపీ 126 చూపించింది. ఇంకేముంది, తగ్గిపోయింది అనుకుని ఎవరినీ అడక్కుండా మాత్ర ఆపేశాను. నడక కొనసాగించాను కాబట్టి ధైర్యంగానే ఉన్నాను. మళ్లీ చూపించుకోవడానికి ఏడు నెలలు పట్టింది. అప్పటికి 172/104. ఆ ఏడు నెలలూ నాకు ఒక్క లక్షణం కూడా కనబడలేదు. షుగర్ కూడా ఆ రోజే బయటపడింది.

126 నడకా మాత్రా కలిసి తెచ్చిన అంకె. అందులో ఎవరి వాటా ఎంతో నాకేం తెలుసు? మాత్ర తగ్గించాలన్నా ఆపాలన్నా ఆ నిర్ణయం డాక్టరుది, ఇంట్లో రాసుకున్న అంకెలు చూపించి తీసుకోవాల్సింది. ఇది నా చేతులారా నేర్చుకున్నది. నువ్వు అలా చేయకు.

---

రాత్రిడ్యూటీ | మార్చి 4, మధ్యాహ్నం 1:05

ఇరవై రెండేళ్లుగా నర్సుగా చేస్తున్నాను. వ్యాయామం గురించి మిగతావాళ్లు చెబుతారు. నేను బీపీ చూసుకునే పద్ధతి చెబుతాను. అంకె తప్పయితే దాని మీద కట్టేదంతా తప్పే.

చేతికి పట్టీ కట్టే మిషన్ కొనండి, మణికట్టుకు పెట్టుకునేది వద్దు. పట్టీ మీ చేతి కొలతకు సరిపోవాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ కనబడుతుంది. ఇది నేను రోజూ చూసే పొరపాటు. చూసుకునే ముందు అరగంట కాఫీ, టీ, పొగ, వ్యాయామం ఏవీ ఉండకూడదు. మూత్రానికి వెళ్లి రావాలి. వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, కాలు మీద కాలు వేసుకోకుండా అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చేయి బల్లమీద, గుండె ఎత్తున ఉండాలి. మాట్లాడకూడదు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాసుకోండి. పొద్దున, సాయంత్రం, వారం రోజులు. మొదటిరోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. ఇంటి సగటు 135/85 దాటితే బీపీ ఎక్కువ ఉన్నట్టే. ఆసుపత్రిలో 140/90 గీతకు ఇంట్లో సమానమైనది ఇదే.

ఆసుపత్రి వాసనకే బీపీ పెరిగేవాళ్లు ఉన్నారు. అక్కడ మామూలుగా ఉండి ఇంట్లో పెరిగేవాళ్లూ ఉన్నారు. రెండోవాళ్ల గురించే నాకు ఎక్కువ దిగులు, ఎందుకంటే వాళ్లను ఎవరూ పట్టుకోరు.

ఇంకో మాట. మీ అమ్మగారికి షుగర్ ఉందన్నారు. మీకు అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో ఉంటే వాళ్లను కూడా పరీక్ష చేయించుకోమనండి.

---

వెన్నుపూస | మార్చి 4, రాత్రి 8:50

ఫిజియోథెరపిస్టుని. నీలిసంధ్య గారూ, మీ అసలు ప్రశ్నకు వస్తాను.

కండరం గ్లూకోజును లోపలికి తీసుకోవాలంటే మామూలుగా ఇన్సులిన్ వచ్చి తలుపు తట్టాలి. కానీ పనిచేస్తున్న కండరం ఆ తట్టుడు కోసం ఆగదు. కదలిక మొదలవగానే గ్లూకోజును మోసుకొచ్చే వాహకాలు కణం లోపలి నుంచి పైపొరకు వాటంతట అవే చేరుకుంటాయి. ఇన్సులిన్ మాట వినని ఒంట్లో కూడా ఈ దారి తెరిచే ఉంటుంది. నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికీ నేను ఈ సంగతి చెబుతాను, ఎందుకంటే "నా ఒళ్లు పాడైపోయింది" అని దిగాలుగా వచ్చినవాళ్లకు ఇది నిజమైన ధైర్యం. నడక ఆగాక కూడా ఒకటి రెండు రోజులపాటు కండరం ఇన్సులిన్ మాట బాగా వింటుంది. ఆ తర్వాత మళ్లీ మొదటికి. అందుకే ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు నడిచి వారమంతా కూర్చునే పద్ధతిని షుగర్ కోసం నేను ఒప్పుకోను. వరసగా రెండు రోజులకు మించి ఖాళీ రాకూడదు.

బీపీ కథ కూడా ఇలాంటిదే. నడక ముగిశాక నాళాలు కాస్త సడలి, బీపీ కొన్ని గంటలపాటు తక్కువగా ఉంటుంది. ఆ కొన్ని గంటలు రోజూ వస్తుంటే కొన్ని వారాలకు మామూలు బీపీయే కిందికి దిగుతుంది.

ఎంత అంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ. దానితోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం. మధ్యస్థం అంటే మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. గడియారం కన్నా ఈ కొలత మేలు.

మీరు మాత్రం మొదటి వారం 10 నిమిషాలతో మొదలుపెట్టండి. 150 అనే అంకె చూసి భయపడి మొదలే పెట్టనివాళ్లను చాలామందిని చూశాను.

---

చురుకు | మార్చి 5, ఉదయం 7:10

నా అనుభవంలో తెల్లవారుజామున పరగడుపున నడిచిందే నడక. మిగతా వేళల్లో లాభం లేదు. పైగా చెమటలు కారేలా పరుగెత్తాలి. ఊరికే నడిస్తే షుగర్ కరగదు.

---

లెక్కలపిచ్చి | మార్చి 5, ఉదయం 9:30

చురుకు గారూ, మీకు పొద్దున్నే కుదిరితే మంచిదే, మానకండి. కానీ మిగతా వేళల్లో లాభం లేదనడం సరికాదు. షుగర్ అన్నిటికన్నా ఎక్కువగా ఎక్కేది భోజనం తర్వాత. ఆ వేళ 15 నిమిషాలు నడిస్తే ఎక్కబోయే గ్లూకోజును కాళ్లే పట్టుకెళ్తాయి. షుగర్ ముప్పున్న పెద్దవయసు వాళ్లతో 2013లో ఒక చిన్న ప్రయోగం చేశారు. పదిమందే. మూడు పూటలా భోజనం తర్వాత 15 నిమిషాల చొప్పున నడిస్తే, ఒకేసారి 45 నిమిషాలు నడిచినంత లాభం 24 గంటల షుగర్‌లో కనిపించింది. రాత్రి భోజనం తర్వాత పెరుగుదల అయితే ఇంకా బాగా తగ్గింది.

కూర్చుని పనిచేసేవాళ్లకు ఇంకో సంగతి. 2012లో 19 మంది బరువెక్కువ ఉన్నవాళ్లను అయిదు గంటలు కూర్చోబెట్టి, ప్రతి 20 నిమిషాలకు ఒకసారి రెండు నిమిషాలు నడిపించారు. కదలకుండా కూర్చున్న రోజుతో పోలిస్తే షుగర్ దాదాపు నాలుగో వంతు తక్కువ ఎక్కింది. రెండు నిమిషాలే! నీలిసంధ్య గారూ, మీ ఉద్యోగంలో ఇది చేయొచ్చు కదా.

---

పాతసైకిల్ | మార్చి 5, ఉదయం 10:02

పరుగు విషయంలో నాదీ ఒక మాట. నేను బీటా బ్లాకర్ రకం బీపీ మందు వాడతాను. ఆ మందు గుండె వేగాన్ని పెరగనివ్వదు. చేతి గడియారం చూపించే గుండె వేగాన్ని నమ్మి "ఇంకా తక్కువే ఉంది" అని ఒకసారి మరీ గట్టిగా తొక్కాను, సైకిల్ దిగి రోడ్డు పక్కన కూలబడ్డాను. మాలాంటివాళ్లకు వెన్నుపూస గారు చెప్పిన మాట, పాట కొలతే సరైనది.

షుగర్‌కు ఇన్సులిన్ గానీ, ఇన్సులిన్‌ను పెంచే మాత్రలు గానీ వాడేవాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి. వ్యాయామంతో షుగర్ 70 కన్నా కిందికి పడిపోవచ్చు. అప్పుడు గుండె దడ వచ్చి హెచ్చరిస్తుంది, కానీ బీటా బ్లాకర్ ఆ దడను దాచేస్తుంది. చెమట మాత్రం పడుతుంది. చల్లగా చెమట పడితే ఆగి షుగర్ చూసుకోవాలి.

---

మొదటిమెట్టు | మార్చి 7, రాత్రి 11:18

ఇన్నాళ్లూ చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదటిసారి. వయసు 52, బరువు 98 కిలోలు, మోకాళ్ల నొప్పి. బీపీ 150 దగ్గర. షుగర్ అంచున ఉంది. నడవమని అందరూ అంటారు. పది నిమిషాలకే మోకాలు వాస్తుంది. గోడకు ఆని కుర్చీలా కూర్చునే వ్యాయామం బీపీకి నడక కన్నా మేలని ఎక్కడో చదివాను. నిజమేనా?

---

లెక్కలపిచ్చి | మార్చి 8, ఉదయం 8:44

నిజంలో ఒక భాగం. 2023లో 270 ప్రయోగాలను, అంటే 15,827 మందిని కలిపి చూశారు. కదలకుండా బిగబట్టి ఉంచే వ్యాయామాలు, గోడకుర్చీ లాంటివి, పై బీపీని సగటున 8 పాయింట్లు దించాయి. నడక, సైకిల్, ఈత లాంటివి 4.5 దాకా. బరువులెత్తడం కూడా అంతే. ఎక్కువమంది చేసే గోడకుర్చీ పద్ధతి రెండేసి నిమిషాలు నాలుగుసార్లు, మధ్యలో విశ్రాంతి, వారానికి మూడు రోజులు.

అంకె చూస్తే గోడదే గెలుపు. కానీ షుగర్ రాకుండా ఆపిన పెద్ద ప్రయోగాల్లో ఉన్నది నడక, దానితోపాటు బరువు తగ్గడం.

---

వెన్నుపూస | మార్చి 8, మధ్యాహ్నం 2:20

మొదటిమెట్టు గారూ, ఇప్పుడే గోడకుర్చీ వద్దు. తొడలను నేలకు సమానంగా వంచి నిలబెడితే మోకాలిచిప్ప వెనక భారం బాగా పెరుగుతుంది. వాపు వస్తున్న మోకాలికి అది పుండు మీద కారమే. చేయాలనిపిస్తే కొద్దిగా మాత్రమే వంగండి, నొప్పి లేనంత వరకు.

మీకు నా సలహా నీళ్లలో నడక, లేదా ఒకేచోట కూర్చుని తొక్కే వ్యాయామ సైకిల్, అదీ కుదరకపోతే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం. పదిసార్లు, కాసేపు ఆగి మళ్లీ పదిసార్లు. తొడ కండరాలు ఒంట్లోకెల్లా పెద్దవి. గ్లూకోజు ఎక్కువగా పట్టుకునేదీ అవే. అవి బలపడితే మోకాలికి కూడా ఊతం దొరుకుతుంది.

బరువులైనా, గోడైనా, చేతి బిగింపైనా ఊపిరి బిగబట్టవద్దు. ఊపిరి బిగబట్టి గట్టిగా ముక్కితే ఆ కొన్ని సెకన్లలో బీపీ ఎగిరిపోతుంది. గట్టిగా అంకెలు లెక్కపెడుతూ చేయండి. నోటితో లెక్కపెట్టేవాళ్లు ఊపిరి బిగబట్టలేరు. కూర్చుని చూసినప్పుడు 180/110 దాటుతుంటే ఏ వ్యాయామమూ మొదలుపెట్టకుండా ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్లు కూడా కంటి డాక్టరును అడక్కుండా బరువులు ఎత్తకూడదు.

---

నీలిసంధ్య | ఏప్రిల్ 9, రాత్రి 9:15

అయిదు వారాలైంది. ముందు మీ అందరికీ చేతులెత్తి నమస్కారం.

ఇంటి సగటు 131/84. మాత్ర మానలేదు. మొదటి వారం 10 నిమిషాలు, ఇప్పుడు రాత్రి భోజనం తర్వాత 25 నిమిషాలు. ఆఫీసులో అరగంటకోసారి లేచి మెట్లదాకా వెళ్లొస్తున్నాను. గోడకుర్చీ వారానికి మూడుసార్లు. మొదట్లో 40 సెకన్లకే కాళ్లు వణికిపోయేవి, ఇప్పుడు నిమిషంన్నర నిలబడగలుగుతున్నాను.

కానీ బరువు ఒక్క కిలో కూడా కదల్లేదు. మిషన్ ఎక్కిన ప్రతిసారీ ఏడుపొస్తోంది. బరువు తగ్గకపోతే షుగర్‌కు ఇదంతా వృథానేనా?

---

లెక్కలపిచ్చి | ఏప్రిల్ 9, రాత్రి 10:40

వృథా కాదు. ఇది గట్టిగా చెప్పగలను.

అమెరికాలో షుగర్ అంచున ఉన్న 3,234 మందితో చేసిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలు 2002లో వచ్చాయి. వాళ్ల లక్ష్యాలు రెండే: బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం. సుమారు మూడేళ్లలో కొత్తగా షుగర్ రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడినవాళ్లలో 31 శాతం. 60 దాటినవాళ్లలో అయితే నడకా ఆహార మార్పుల లాభం 71 శాతం. అందులో బరువుదే పెద్ద వాటా, కాదనను. కిలో తగ్గితే సుమారు 16 శాతం ముప్పు తగ్గినట్టు లెక్కకట్టారు. కానీ బరువు లక్ష్యం అందుకోలేకపోయినా 150 నిమిషాలు పూర్తిచేసినవాళ్లను విడిగా చూశారు. వాళ్లకు కూడా ముప్పు 44 శాతం తగ్గింది. మీరిప్పుడు ఉన్నది సరిగ్గా అక్కడే.

మీ అమ్మగారి చూపు గురించి రాశారు కాబట్టి ఇదొకటి చెప్పాలి. చైనాలోని డా చింగ్ ఊళ్లో 1986లో 577 మందితో ఇలాంటి ప్రయత్నమే మొదలైంది. ఆరేళ్లపాటు కొందరికి ఆహారం, కొందరికి వ్యాయామం, కొందరికి రెండూ మార్పించారు. ఆ తర్వాత వాళ్లను వాళ్ల మానాన వదిలేశారు. 20 ఏళ్ల తర్వాత చూస్తే, చూపుకు ముప్పు తెచ్చే తీవ్రమైన రెటీనా జబ్బు వీళ్లలో 47 శాతం తక్కువ వచ్చింది. 30 ఏళ్ల లెక్కలో షుగర్ రావడం సగటున నాలుగేళ్లు వెనక్కి జరిగింది. ఆరేళ్ల శ్రమ అన్నేళ్లు కాపు కాసింది.

---

రాత్రిడ్యూటీ | ఏప్రిల్ 10, ఉదయం 5:55

నీలిసంధ్య గారూ, బరువు మిషన్ వారానికి ఒక్కసారి చాలు. నడుం చుట్టూ టేపుతో నెలకోసారి కొలవండి. కాలేయం చుట్టూ, పేగుల చుట్టూ చేరిన కొవ్వు ముందు కరుగుతుంది, బరువులో అది వెంటనే కనబడదు. ఒక ప్రశ్న కూడా. రాత్రి గురక పెడతారా, పొద్దున లేచాక మత్తుగా ఉంటుందా? నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేవాళ్లకు బీపీ, షుగర్ రెండూ మొండికేస్తాయి.

---

నీలిసంధ్య | ఏప్రిల్ 10, రాత్రి 8:30

గురక లేదండీ, అయిదు గంటలే పడుకుంటాను. నడుం కొలిచాను, 94 సెంటీమీటర్లు. మార్చిలో కొలవనందుకు బాధగా ఉంది. ఇవాళ్టి నుంచి రాస్తాను.

---

మొదటిమెట్టు | జూన్ 2, రాత్రి 10:05

నీళ్లలో నడక మొదలుపెట్టి ఎనిమిది వారాలు. కుర్చీలోంచి ఇప్పుడు 14 సార్లు లేస్తున్నాను, మొదట నాలుగుసార్లే లేవగలిగాను. బీపీ 138/88. మోకాలు వాయడం లేదు. ఒక్క ఇబ్బంది, నీళ్లలోంచి పైకి రాగానే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి.

---

వెన్నుపూస | జూన్ 2, రాత్రి 10:50

ఒక్కసారిగా ఆపడం వల్ల అయి ఉండొచ్చు. పనిచేస్తున్న కాళ్లలో నాళాలు విప్పుకుని ఉంటాయి, చటుక్కున ఆగితే రక్తం అక్కడే నిలిచిపోతుంది. పైగా నీటి ఒత్తిడి కూడా ఉన్నట్టుండి పోతుంది. చివరి అయిదు నిమిషాలు నెమ్మదిగా నడిచి, మెట్టు మీద కాసేపు కూర్చుని అప్పుడు బయటికి రండి. బీపీ మందు వాడుతుంటే, అందులోనూ నీరు తీసే రకమైతే, ఇది డాక్టరుకు చెప్పండి. బీపీ దిగుతున్నప్పుడు మోతాదు చూడాల్సి రావచ్చు. ఛాతీలో నొప్పి, పట్టేసినట్టుండటం, మామూలుకు మించిన ఆయాసం ఉంటే మాత్రం ఇక్కడ రాయకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

---

నీలిసంధ్య | జూలై 14, రాత్రి 9:20

రిపోర్టులు వచ్చాయి. పరగడుపు షుగర్ 103. హెచ్‌బీఏ1సీ 5.8. ఇంట్లో బీపీ సగటు 126/80. నడుం 90. బరువు రెండున్నర కిలోలు తగ్గింది. డాక్టరుగారు మాత్ర ఇప్పుడే ఆపలేదు, ఇంకో మూడు నెలలు అంకెలు రాసుకు రమ్మన్నారు. ఈసారి అన్ని ప్రశ్నలూ కాగితం మీద రాసుకెళ్లి అడిగాను. షుగర్ ఇంకా అంచునే ఉందని తెలుసు, 5.7 కిందికి రావాలి.

రాత్రిడ్యూటీ అక్కా, మీరు చెప్పినట్టే మా చెల్లికి పరీక్ష చేయించాను. దానికి 41. నడుస్తుంది, సన్నగానే ఉంటుంది, తనకేం ఉండదనుకుంది. హెచ్‌బీఏ1సీ 6.3.

---

రాత్రిడ్యూటీ | జూలై 14, రాత్రి 9:48

6.3 అంటే గీతకు ఇవతలే ఉంది, 6.5 నుంచే షుగర్ అంటాం. మూడు నెలల్లో మళ్లీ చేయించండి. రక్తహీనత ఉంటే ఆ అంకె తప్పుదారి పట్టించవచ్చు, హిమోగ్లోబిన్ కూడా చూపించండి. సన్నగా ఉన్నవాళ్లకు నడకతోపాటు కండ పెంచే వ్యాయామం తప్పనిసరి అని చెప్పండి. బీపీ చూశారా?

---

నీలిసంధ్య | జూలై 14, రాత్రి 9:55

లేదక్కా. మిషన్ నా దగ్గరే ఉంది. రేపు పొద్దున తీసుకెళ్తున్నాను.